బుల్లెట్ మీద మనసు విరిగిందా, బండే అరిగిందా? యూసీఈ క్లాసిక్ 350 ఉంచాలా, అమ్మాలా?

నీలగిరి_350:

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట దిక్కు పాత బుల్లెట్ వాళ్లు ఈ మధ్య మాట మారుస్తున్నరు. ఏండ్ల తరబడి ఇంకో బండి వంక చూడని వాళ్లు హోండా సీబీ350 రేటెంత, ట్రయంఫ్ స్పీడ్ 400 సర్వీస్ ఎట్లుంటది అని అడుగుతున్నరు. కారణం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒకరు సౌండ్ పోయిందంటరు. ఒకరు చిన్న లైటు వెలిగినా స్కానర్ పెట్టాల్సి వస్తుందంటరు. ఇంకొకరు గల్లీకి నాలుగున్నయి, ఇగ దాంట్ల ఏం గొప్ప అంటరు.

నేను అడిగేది మాత్రం ఒక్క బండి గురించి. 2012 క్లాసిక్ 350, యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే డబ్బాలో ఉండేది), కార్బురేటర్ మోడల్, ఏపీ 24 నంబరు, మీటర్ మీద 64 వేలు. స్పీడు 75 దాటితే హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ జుమ్మంటున్నయి. పొద్దున సెల్ఫ్ కొడితే ఒక్కోసారి కటకటమని చప్పుడొచ్చి ఇంజన్ తిరగదు. ముందు బ్రేక్ పట్టినా, గతుకులో దిగినా హ్యాండిల్ కింద టక్కుమంటది. ట్రాఫిక్‌లో ఎక్స్‌లేటర్ వదిలి మళ్లీ ఇస్తే బండి ఒక కుదుపు కుదుపుతది.

వారానికోసారి నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా హైదరాబాద్ పోవాలి. అప్పుడప్పుడు సాగర్, లేదంటే దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం. దీన్ని బాగు చేయించుకొని నడుపుకోవాలా, కొత్త జే సిరీస్ ఇంజన్ క్లాసిక్ (2021 నుంచి వచ్చేది) తీసుకోవాలా, బ్రాండే మార్చాలా? "అమ్మెయ్", "ఉంచుకో" అని ఒక్క ముక్కలో కాదు, ఎందుకో చెప్పండి.

కాస్ట్‌ఐరన్_కాక:

తమ్మీ, నువ్వు రెండు ముచ్చట్లు కలిపినవు. నాలుగు జబ్బులు రాసినవు, అవి అరుగుదల. పానాతోని పొయ్యేటివి. వాటి సంగతి మన జడ్చర్ల స్పానర్ చెప్తడు. పాతోళ్ల మనసు విరిగింది వేరే దానికి. అది ఏ మెకానిక్ బాగు చెయ్యలేడు.

పాత క్యాస్ట్ ఐరన్ 350 ల ఉన్నది 18 హార్స్‌పవరే. స్పీడుకని ఎవ్వడు కొనలే. ఇంజన్ ఒక డబ్బా, గేర్‌బాక్స్ ఒక డబ్బా, క్లచ్ చైన్ ఒక డబ్బా. మూత తీస్తె లోపల కనవడేదంత చేతికి అందేటిదే. ట్యాపెట్లు చూడు. ఇంజన్ పూర్తిగ సల్లగుండాలె. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌ల పైకి తేవాలె, అంటె రెండు వాల్వులు మూసుకొని ఉండాలె. కుడిదిక్కు బ్యారెల్ పక్కన ట్యాపెట్ మూతకు ఒక్కటే నట్టు. పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతోని తిప్పితె తేలిగ్గ తిరగాలె, కిందిమీదికి మాత్రం ఊగొద్దు. బిర్రు చేస్తె వాల్వు పూరాగ మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వు కాలుతది. లూజు పెడితె టకటక చప్పుడు, అంతే. అందుకే అనుమానమున్నకాడ పాతోళ్లు చప్పుడునే భరించిన్రు. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్ ఒక్కటుంటె చాలు.

స్టార్ట్ చేసుడు సూత తెల్వాలె. తాళం వేసి కిక్ మెల్లగ దించుతుంటె బిగుసుకుంటది. అక్కడ డీకంప్రెషర్ లివర్ (సిలిండర్ల ఒత్తిడి ఇడిసేటిది) పట్టి ఇంకింత దించితె ఆంపియర్ మీటర్ ముల్లు మైనస్ దిక్కు నుంచి నడిమికి వస్తది. లివర్ ఇడిసి, కిక్ పైకి రానిచ్చి ఒక్క తన్ను. తెల్వనోడు తంతె పిక్కకు తగిలేది.

2009 ల యూసీఈ వచ్చింది. హైడ్రాలిక్ ట్యాపెట్లు, సెట్టింగ్ పనే లేదు. అప్పుడే సగం మంది మొఖం ముడుసుకున్నరు. అయినా 70 బై 90 లాంగ్ స్ట్రోక్ (సిలిండర్ వెడల్పు, పిస్టన్ నడక, మిల్లీమీటర్లల) అట్లనే ఉండె, పుష్‌రాడ్లు ఉండె, కార్బురేటర్ ఉండె. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ రూలుతోని ఇంజెక్షన్ పక్కా అయింది. 2020 నవంబర్ల మీటియర్‌తోని, 2021 సెప్టెంబర్ల క్లాసిక్‌తోని జే సిరీస్ దిగింది. 72 బై 85.8, వాల్వులు తెరిచే కామ్ పైన హెడ్‌లకు పోయింది, కంప్రెషన్ 8.5 నుంచి 9.5 కు ఎక్కింది, లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ వెట్టిన్రు. దడదడ అనేది పిస్టన్ ఊపు నుంచే వస్తది. ఆ ఊపును బ్యాలెన్సర్ మింగుతది, మిగిలిన సప్పుడును సైలెన్సర్‌ల క్యాటలిటిక్ కన్వర్టర్ మింగుతది. సౌండ్ ఎవడో కావాలని దొంగతనం చెయ్యలే. పొగ రూలు, చేతులు తిమ్మిరెక్కకుండ నూరు కిలోమీటర్లు పోవాలన్న కోరిక, రెండు కలిసి దాన్ని తీస్కపోయినయి.

2023 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటె బండి తన జబ్బును తనే కనిపెట్టి కోడ్ రాసుకునే ఏర్పాటు. ఇగ లైటు వెలిగితె కోడ్ సదవాలె. సౌండ్ అంటరు గని, పాతోళ్లకు అసలు గుచ్చుకున్నది ఇదే: బండి తన చేతికింద నుంచి జారిపోయింది. దీనికి ఇంకో కంపెనీ బండి కొంటె మందు దొరకదు. స్పీడ్ 400 మూత తీసి నువ్వు ఏం సెట్ చేస్తవు?

జడ్చర్ల_స్పానర్:

కాక చెప్పింది అట్లుంచితే, నీ నాలుగు జబ్బులకు వరుస ముఖ్యం. చాలామంది ముందు సెల్ఫ్ కోసం ఇంజన్ ఇప్పిస్తరు. అట్ల చేయకు.

సెల్ఫ్ కటకట అంటే ముందు రెండు అనుమానాలు, బ్యాటరీ లేదా స్ప్రాగ్ క్లచ్ (సెల్ఫ్ మోటర్ తిప్పుడును ఇంజన్‌కు అందించే రోలర్ల క్లచ్). ముందు మల్టీమీటర్ పెట్టు. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీలో బలం లేదు. ఇంజన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. ఈ మోడల్‌కు 12 వోల్టుల 14 ఏంపియర్-అవర్ బ్యాటరీ కావాలి. తక్కువ ధరకు వస్తుందని చిన్నది పెడితే అక్కడి నుంచే స్ప్రాగ్ చావు మొదలైతది. ఎందుకంటే, బలం చాలక పిస్టన్ కంప్రెషన్ దాటలేక వెనక్కి తంతది. ఆ తన్ను మొత్తం స్ప్రాగ్ రోలర్ల మీద పడుతది. రోలర్లు అరిగినంక మోటర్ తిరుగుతది, ఇంజన్ తిరగదు. కాబట్టి పొద్దున సెల్ఫ్ నీరసంగా అనిపిస్తే ఆపి కిక్ కొట్టు. మళ్లీ మళ్లీ బటన్ నొక్కకు.

స్ప్రాగ్ పోయినట్టు తేలితే ఎడమ దిక్కు కవర్ ఇప్పాలి. ఆయిల్ దించాలి, రోటర్‌ను పుల్లర్‌తోనే లాగాలి, స్క్రూడ్రైవర్ పెట్టి తన్నితే మ్యాగ్నెట్లు పగులుతయి. కవర్ గ్యాస్కెట్ కొత్తది వేయాలి. పార్టు కంటే కూలి ఎక్కువైతది, అందుకే ఒకసారి ఇప్పితే క్లచ్ ప్లేట్లు, ప్రైమరీ చైన్ కూడా చూసి మూయించు.

టక్కు చప్పుడు కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే కాడ ఉండే బేరింగ్. మెయిన్ స్టాండ్ వేసి, ఇంజన్ కింద చెక్క దిమ్మె పెట్టి ముందు చక్రం లేపు. ఫోర్కు కాళ్లను కింద పట్టుకొని ముందుకు వెనక్కి లాగు. ఆట ఉంటే కోన్ లూజు. తర్వాత హ్యాండిల్‌ను మెల్లగా ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పు. సరిగ్గా మధ్యలో పట్టినట్టు, గాడిలో పడ్డట్టు అనిపిస్తే బేరింగ్ గుండ్లు తిరిగే రేసులో గుంతలు పడ్డయి. అప్పుడు బిగించి లాభం లేదు, సెట్ మొత్తం మార్చి గ్రీజు నిండా పెట్టాలి. బిగించేటోళ్లు చాలామంది చప్పుడు పోవాలని అతిగా బిగిస్తరు. హ్యాండిల్ తన బరువుకు తానే పక్కకు పడకపోతే అది అతి బిగువు, లైన్ మీద బండి పాములెక్క పోతది.

ఇంకోటి, గాలి. దీనికి ముందు 20 పీఎస్‌ఐ, వెనక 30. ఇద్దరెక్కితే 22, 32. మన దగ్గర పంపుల్లో అడగకుండానే ముందు చక్రానికి 30 కొట్టేస్తరు. సగం మంది "షాకులు గట్టిపడ్డయి" అనేది దీని వల్లే.

కుదుపుకు వెనక డ్రమ్ములో ఉండే కుష్ రబ్బర్లు చూడాలి. గేర్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకు వెనక్కి ఊపు. చైన్ బిగువైనంక కూడా చక్రం ఇంకా కొంత కదిలితే రబ్బర్లు నలిగినయి. సెట్టుగా మార్చు. చైన్‌ను వెనక స్ప్రాకెట్ మీద నుంచి వెనక్కి లాగి చూడు, సగం పన్ను బయటికి కనబడితే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చాలి. ఒక్క చైన్ మారిస్తే పాత పళ్లు కొత్త చైన్‌ను తినేస్తయి. లూజు 25 నుంచి 30 మిల్లీమీటర్లు. చక్రం తిప్పుతూ ఎక్కడ బిర్రుగా ఉందో అక్కడ కొలవాలి.

జుమ్మనే దానికి: ఈ ఇంజన్‌లో బ్యాలెన్సర్ షాఫ్ట్ లేదు, 85 దాటినంక వైబ్రేషన్ దాని పుట్టుక. కానీ 75 కే చేతులు తిమ్మిరెక్కుతున్నయంటే ఇంజన్‌ను ఫ్రేముకు పట్టించే బోల్టులు చూడాలి, ముందు, వెనక, పైన అన్నీ. టార్క్ రెంచ్‌తో బిగించాలి, కంటి అంచనాతో కాదు. సైలెన్సర్ బ్రాకెట్టు, ఫుట్‌రెస్ట్ బోల్టు కూడా. తర్వాత కార్బురేటర్‌కు, హెడ్‌కు మధ్య ఉండే రబ్బరు. 13 ఏండ్ల రబ్బరు ఎండకు చీలుతది, గాలి పీలుస్తది. మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతది, ఎక్స్‌లేటర్ వదిలితే సైలెన్సర్‌లో పటపటమంటది. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి ఆ రబ్బరు చుట్టూ కొంచెం నీళ్లు స్ప్రే చెయ్యి. ఐడిల్ మారితే లీకు. పెట్రోల్ చల్లి చూసేటోళ్లున్నరు, వేడి ఇంజన్ మీద ఆ పని వద్దు. కార్బురేటర్ మూతలో ఉండే పలచటి డయాఫ్రమ్‌ను కూడా వెలుతురుకు అడ్డం పెట్టి చూడు. సూది మొనంత రంధ్రం చాలు, 70 దాటినంక పికప్ చస్తది.

ఆయిల్ 15డబ్ల్యూ50, డబ్బా మీద జాసో ఎంఏ2 అని ఉండాలి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారుతది, ఎందుకంటే క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటది. మార్చినప్పుడు కింద జాలి, మ్యాగ్నెట్ బోల్టు తీసి తుడవాలి. మ్యాగ్నెట్‌కు నల్లటి పిండి అంటితే భయం లేదు. మెరిసే ముక్కలు అంటితే ఫోటో పెట్టు. లెవెల్ మాత్రం మెయిన్ స్టాండ్ మీద, ఇంజన్ రెండు నిమిషాలు తిరిగి ఆగినంక, కుడిదిక్కు అద్దంలోనే చూడు.

సూర్యాపేట_హైవే:

అన్ని పార్టులు చెప్పిన్రు గానీ అసలు మాట దాటేసిన్రు. బుల్లెట్ మీద మోజు తగ్గింది బండి మారి కాదు, అందరికీ దొరికి. సర్పంచ్‌కు, ఎస్సైకి, రైస్‌మిల్లు సేటుకు ఉన్నప్పుడు దానికో లెక్క ఉండేది. ఇప్పుడు ఈఎంఐ మీద డిగ్రీ పిలగాడు తోలుతున్నడు. దాంట్ల తప్పేముంది?

పైగా సౌండ్ కావాలని పంజాబీ సైలెన్సర్ పెట్టించి, మిశ్రమం పలచబడి హెడ్ కాల్చుకొని, చలాన్లు కట్టి, చివరకు "కంపెనీ పాడైంది" అనేటోళ్లే ఎక్కువ.

పాలమూరు_రూట్:

హైవే భాయ్ మాటల నిజం లేకపోలేదు, కానీ కొనేటోనికి అది పనికిరాదు. కొత్తది తీసుకుంటే ఏం వస్తది, ఏం పోతది అనేది రాస్త.

ముందు పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటితే 40 శాతం. అంతకుముందు వాటికి సెస్సుతో కలిపి 31 ఉండె. అంటే 349 సీసీ జే సిరీస్, 348 సీసీ సీబీ350 ఒక దిక్కు, 398 సీసీ స్పీడ్ 400, హిమాలయన్ 450, 650 లు ఇంకో దిక్కు. షోరూం ధర అడిగేటప్పుడు పాత వీడియోల రేట్లు పట్టుకొని పోకండి.

జే సిరీస్ క్లాసిక్ 20.2 హార్స్‌పవర్, 27 న్యూటన్ మీటర్లు, బరువు 195 కిలోలు. కాగితం మీద యూసీఈకి, దీనికి పెద్ద తేడా కనబడదు. తేడా అంతా చేతులకు తెలుస్తది. జడ్చర్ల నుంచి కొత్తకోట దాకా 44వ నంబర్ హైవే మీద 90 పెట్టి పోతే అద్దంలో వెనక లారీ నంబర్ చదవొచ్చు. యూసీఈలో ఆ అద్దంలో లారీ ఉందని మాత్రమే తెలుస్తది. హైనెస్ సీబీ350 సుమారు 181 కిలోలు, 30 న్యూటన్ మీటర్లు. 14 కిలోల తేడా అంటే పార్కింగ్‌లో వెనక్కి లాగేటప్పుడు, స్టాండ్ వేసేటప్పుడు తెలుస్తది. కానీ కొనేముందు మీ ఊరికి దగ్గరి సర్వీస్ ఎన్ని కిలోమీటర్లో, క్లచ్ కేబుల్, బ్రేక్ లివర్ లాంటివి స్టాకుల ఉంటయా అడగండి. బుల్లెట్ క్లచ్ కేబుల్ దేవరకొండలనో, నాగర్‌కర్నూల్‌లనో ఏ ఆటోమొబైల్స్‌ల అడిగినా దొరుకుతది. అమ్మకం మాటేమోగానీ రోడ్డు మీద ఆగినప్పుడు ఇదే పెద్ద లెక్క. శ్రీశైలం దారిల మన్ననూరు అటవీ చెక్‌పోస్ట్ రాత్రి 9 కి మూస్తరు, అడవిల ఆగితే మరీ.

స్పీడ్ 400 వేరే జాతి. 40 హార్స్‌పవర్, నీళ్లతో చల్లబడే ఇంజన్, సర్వీస్ గడువు 16 వేల కిలోమీటర్లు లేదా ఏడాది. బుల్లెట్ నుంచి దీనికి మారేటోళ్లకు ఒక్క జాగ్రత్త: రేడియేటర్‌ల కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోయకండి. మన దిక్కు నీళ్లల్ల ఉప్పు, సున్నం ఎంతుందో ఇంట్ల గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తది. అదే తెల్లటి పొర రేడియేటర్ సన్న గొట్టాలల్ల కడుతది. అత్యవసరమైతే డిస్టిల్డ్ వాటర్. పాత రకం బ్యాటరీకి కూడా అదే మాట.

2020 చివర, 2021 ల తయారైన బండి సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే 2021 రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినవి) రెండు చూసుకోండి. 2020 డిసెంబర్ నుంచి 2021 ఏప్రిల్ మధ్య తయారైన మీటియర్, క్లాసిక్, బుల్లెట్లకు ఇగ్నిషన్ కాయిల్, మొత్తం 2,36,966 బండ్లు. 2021 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 5 మధ్య వచ్చిన సింగిల్ ఛానల్ ఏబీఎస్ క్లాసిక్ 350 లకు వెనక డ్రమ్ బ్రేక్ రియాక్షన్ బ్రాకెట్, 26,300 బండ్లు. ఛాసిస్ నంబర్ ఇస్తే ఆ పని అయిందా లేదా సర్వీస్ వాళ్లు చూసి చెప్తరు. స్పోక్ చక్రాలైతే ట్యూబ్ ఉంటదని మరువకండి. అల్లాయ్, ట్యూబ్‌లెస్ అయితే పంచర్ కిట్ సీటు కింద పెట్టుకొని పోవచ్చు. స్పోక్ బండికి వెనక చక్రం ఇప్పాలి, ఒక ట్యూబ్, రెండు టైర్ లివర్లు వెంట ఉండాలి.

నీలగిరి అన్నా, నీ బండి 2012 ది కదా. ఈ-20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) సంగతి కూడా చూసుకో. ట్యాంక్ నుంచి కార్బురేటర్‌కు వచ్చే రబ్బరు పైపు పాతదైతే గట్టిపడి చీలుతది, ఇథనాల్‌కు ఓర్చేది వేయించు. నెల రోజులు బండి తీయవనుకుంటే ట్యాప్ మూసి, ఫ్లోట్ గిన్నె కింద స్క్రూ ఇప్పి ఉన్నది దించెయ్. ఇథనాల్ గాలిలో తేమను పట్టుకుంటది, ఆ నీళ్లు గిన్నె అడుగున చేరి జెట్ మూసుకపోతది. మైలేజ్ కొంచెం తగ్గుతది, దానికి కార్బురేటర్‌ను ముట్టుకోకు.

నీలగిరి_350:

స్పానర్ అన్న చెప్పినట్టు చూసిన. బ్యాటరీ పొద్దున 12.2. సెల్ఫ్ కొడితే 8.9 కి పడుతున్నది. ఎక్స్‌లేటర్ ఇచ్చినప్పుడు 14.1. హ్యాండిల్ మధ్యలో గాడి తగులుతున్నది. వెనక చక్రం ఊపితే చైన్ బిగువైనంక కూడా వేలెడు కదులుతున్నది. ఇంజన్ పై బ్రాకెట్ బోల్టు చేత్తోనే తిరిగింది. ముందు టైర్‌లో గాలి 34 ఉంది. మెకానిక్ మాత్రం స్ప్రాగ్ మార్చాల్సిందే, ఇంజన్ ఇప్పుదాం అంటున్నడు.

జడ్చర్ల_స్పానర్:

ఇప్పుడే ఇప్పొద్దని చెప్పు. 14.1 అంటే చార్జింగ్ మంచిగున్నది. 12.2, 8.9 అంటే బ్యాటరీ పోయింది, లేదా ఎర్త్ వైరు. తేడా ఇట్ల తెలుసుకో: మీటర్ ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ కేసింగ్ మీద ఏదన్న ఖాళీ అల్యూమినియం దగ్గర పెట్టి సెల్ఫ్ కొట్టు. 0.5 వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ వైరు తుప్పు. రెండు చివర్లు ఇప్పి ఉప్పుకాగితంతో గీకి, వ్యాసెలిన్ రాసి బిగించు. అది బాగుంటే బ్యాటరీని 1.4 ఏంపియర్ మీద పది గంటలు చార్జ్ పెట్టి, ఒక రాత్రి వదిలి మళ్లీ కొలువు. 12.4 కూడా నిలవకపోతే కొత్తది తెచ్చుకో, 14 ఏంపియర్-అవర్ దే. కొత్త బ్యాటరీతో కూడా కటకట వస్తేనే ఎడమ కవర్ మీద చెయ్యి వేయాలి.

కోన్ సెట్, కుష్ రబ్బర్లు ఒకే రోజు చేయించు, రెండు చక్రాలు ఎట్లాగూ దిగుతయి. పై బ్రాకెట్ బోల్టు కొత్తది వేసి బిగించినంక చిట్యాల దాకా ఒక చుట్టు పోయి రా. 75 దగ్గర ఇంకా జుమ్మంటే అప్పుడు రబ్బరు, డయాఫ్రమ్ చూద్దాం. గాలి 34 ను ఇయ్యాలే 20 కి దించు.

కాస్ట్‌ఐరన్_కాక:

ఇంకొక ముచ్చట. 2012 బండి అంటె ఆర్సీ 2027 ల అయిపోతది, కార్డు మీద తారీఖు చూస్కో. గడువుకు 60 రోజుల ముందు నుంచి రెన్యువల్‌కు ఫారం 25 పెట్టొచ్చు, ఇచ్చేది ఐదేండ్లకు. బండిని ఆర్టీఏకు తీస్కపోయి చూపియ్యాలె, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాయితాలు ఉండాలె, గ్రీన్ టాక్స్ కట్టాలె. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు కనవడేటట్టు మట్టి, గ్రీజు గీకి పెట్టుకో. అమ్ముడే అనుకుంటె గడువు దగ్గరికి రాకముందే అమ్ము. ఆర్నెల్లే మిగిలినంక కొనేటోడు ఆ ఖర్సంత నీ రేట్లకెల్లి కోస్తడు. సైలెన్సర్ కంపెనీదే ఉన్నదా, మార్పించినవా? మార్పిస్తె పాతది యాడున్నదో దేవులాడు, ఆర్టీఏ కాడ అదే కావాలె.

నీలగిరి_350:

కంపెనీదే ఉంది కాకా. బ్యాటరీ చార్జ్ పెట్టిన, రేపు పొద్దున రీడింగ్ పెడుత.